అక్కకు మెదడులో రక్తస్రావం... మాకూ ఆ ముప్పు ఉందా?

ప్రశ్న: మా అక్కయ్యకు 46 ఏళ్లు. నెల క్రితం వంట చేస్తూ ఉన్నట్టుండి తల పట్టుకుని కూలబడిపోయింది. మెదడులో అన్యూరిజం చిట్లిందని ఆపరేషన్ చేసి క్లిప్ వేశారు. ఇప్పుడు కోలుకుంటోంది. రిపోర్టులో ‘అజైగస్ యాంటీరియర్ సెరిబ్రల్ ఆర్టరీ’ అని ఉంది. పుట్టుకతో వచ్చే అరుదైన తేడా అట. నాకు 41, తమ్ముడికి 37. మాకూ అలాగే ఉంటుందా? నాకు సిగరెట్ అలవాటుంది. మా నాన్నగారు కూడా ఇరవై ఏళ్ల కిందట మెదడులో నరం చిట్లి పోయారు.
- ఒక పాఠకుడు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: మీ భయమంతా ఆ అరుదైన ధమని మీదే ఉంది. నన్ను ఆపింది మాత్రం మీరు చివర రాసి వదిలేసిన నాన్నగారి సంగతి.

ముందు ధమని గురించి. మెదడు ముందు భాగానికి కుడి, ఎడమల నుంచి రెండు ధమనులు పక్కపక్కనే సాగుతాయి. కాళ్లను కదిలించే భాగానికి రక్తం ఇచ్చేవి ఇవే. తల్లి కడుపులో ఉండగానే కొద్దిమందిలో ఈ రెండూ కలిసి ఒకే కాండంగా ఏర్పడతాయి. అజైగస్ అంటే గ్రీకులో కాడి లేనిది, మన మాటల్లో జోడు లేని ఎద్దు! కాండం మళ్లీ చీలే చోట రెండు ధమనుల రక్తమూ ఒకే బిందువును తాకుతుంది. ఏళ్ల తరబడి ఆ తాకిడికి గోడ పలచబడి బుడగలా ఉబ్బవచ్చు. అదే అన్యూరిజం. దాన్ని క్లిప్‌తో మూసేటప్పుడు కాండం కూడా మూసుకుపోతే రెండు కాళ్లూ చచ్చుబడే ప్రమాదం ఉంది. అందుకే ఈ ఆపరేషన్ కత్తి మీద సాము.

ధమని ఇలా ఏర్పడటం వంశపారంపర్యంగా వచ్చే జబ్బు కాదు. కొందరు జీవితాంతం ఆ సంగతి తెలియకుండానే బతుకుతారు. అన్యూరిజం విషయం వేరు. మామూలు ధమనులున్న వారిలోనూ నూటికి సుమారు ముగ్గురికి అది ఉంటుంది. కొన్ని కుటుంబాల్లో ఎక్కువ. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో ఒక్కరికే వస్తే మిగతావారికి స్కానింగ్ తప్పనిసరి అనం. ఇద్దరికి వస్తే చేయించమంటాం.

నరం చిట్లడం అని మనవాళ్లు అనేది నిజానికి రక్తనాళం చిట్లడం. బీపీ వల్ల మెదడు లోపల చిట్లినా అదే మాట, అన్యూరిజం పగిలినా అదే మాట. పాత కాగితాలు వెతకండి. లేకపోతే మీ అమ్మగారిని అడగండి: బీపీ ఉండేదా, ముందు చెయ్యీ కాలూ పడిపోయాయా, లేక భరించలేని తలనొప్పితో కుప్పకూలారా? తలనొప్పితోనే కూలి ఉంటే, లేదా ఎటూ తేలకపోతే, మీరూ తమ్ముడూ ఒకసారి ఎంఆర్ యాంజియోగ్రామ్ (మెదడు రక్తనాళాలను చూపే స్కాన్) చేయించుకోండి. దీనికి రేడియేషన్ ఉండదు, సాధారణంగా ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. చిన్న ఉబ్బు కనిపించినా వెంటనే ఆపరేషన్ అనరు. చాలాసార్లు అప్పుడప్పుడూ స్కాన్ చేస్తూ గమనిస్తారు.

సిగరెట్ మాత్రం రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా ఇవాళే మానేయండి. అన్యూరిజం పెరగడానికీ పగలడానికీ పొగ, బీపీ పెద్ద కారణాలు. ఇరానీ చాయ్‌తో నాకు పేచీ లేదు, దాని జంట మీదే. బీపీ ఈ వారంలోనే చూపించుకోండి.

ఇంట్లో ఎవరికైనా క్షణాల్లో తారస్థాయికి చేరే తలనొప్పి వస్తే మాత్ర వేసి పడుకోబెట్టకండి, 108కి ఫోన్ చేయండి. పగిలిన అన్యూరిజం మళ్లీ చిట్లే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ.

అక్కయ్య డిశ్చార్జి కాగితాల్లో క్లిప్ రకం రాసి ఉంటుంది, జాగ్రత్త చేయండి. ఇకపై ఎప్పుడు ఎంఆర్ఐ తీయాల్సి వచ్చినా ముందు అది అడుగుతారు.