23 రాత్రి కాదమ్మణ్ణీ, 22 రాత్రి

కావలి,
ఆదివారం రాత్రి.

అమ్మణ్ణీ,

నువ్వు ఇంటర్వ్యూకి విశాఖపట్నం ఒక్కదానివే వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సాయంత్రం తిరుపతిలో బండెక్కి ఎనిమిదిన్నరకు గూడూరులో దిగుతావట, విశాఖ బండి వచ్చేదాకా స్టేషన్లోనే కూర్చుంటావట. నర్సింగ్ చదివి, ఉద్యోగం వెతుక్కుని, టికెట్టు కూడా నీ అంతట నువ్వే తీసుకున్నావంటే సంతోషం ఆపుకోలేక ఎదురింటికి వెళ్ళి చెప్పొచ్చాను. ఇంటికొచ్చి మళ్ళీ మీ అమ్మకు ఫోన్ చేసి, ఎప్పుడే ప్రయాణం అంటే, "23 రాత్రమ్మా" అంది. బండి ఎన్నింటికి అంటే, "పన్నెండు నలభైకి" అంది. అప్పట్నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది.

ఫోన్లో చెప్తే "సరేలే అమ్మమ్మా, నేను చూసుకుంటా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మీ మామయ్య ఫొటో తీసి నీకు పంపుతాడు. పూర్తిగా చదువు.

ముందు టికెట్టు తెరిచి చూడు. 23వ తేదీ, 00:40 అని ఉంటే, నువ్వు 22వ తేదీ రాత్రి భోజనం వేళకే గూడూరులో ఉండాలి. 23 రాత్రి నువ్వక్కడికి చేరేసరికి నీ బండి పోయి ఇరవై గంటలవుతుంది. తిరుపతి నుంచి గూడూరుకు తీసుకున్న టికెట్టు 22దో 23దో అదీ చూడు. ఇంటర్వ్యూ 25న కాబట్టి ఎలాగైనా చేరతాలే అనుకోకు. పోయిన బండి టికెట్టు చేతిలో పెట్టుకుని నిలబడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

1984 మాఘమాసం. ఫిబ్రవరి 16, గురువారం పొద్దున మీ చిన్నమ్మమ్మ పెళ్ళి, తెనాలిలో. మేమప్పుడు వెంకటగిరిలో ఉన్నాం, నాకు బళ్ళో సెలవు దొరకలేదు. బుధవారం బడి అయ్యాక బయల్దేరి గూడూరు వెళ్ళి, రాత్రి పన్నెండూ ఇరవై బండెక్కితే తెల్లారేసరికి తెనాలిలో దిగొచ్చు. మీ తాతయ్యకు జ్వరం, రాలేనన్నారు. పదిరోజుల ముందు నేనే రిజర్వేషన్ కౌంటరుకు వెళ్ళి "15వ తేదీ రాత్రికి ఒక బెర్తు" అని అడిగాను. కౌంటర్లో ఆయన 15 అనే రాసిచ్చాడు. నేను అడిగిందే ఆయన రాశాడు, తప్పు నాదే.

మనింట్లో తెల్లవారితేనే కదమ్మా రోజు మారేది. రాత్రి ఒంటిగంటకు బిడ్డ పుడితే, పంచాంగం చూసి ముందురోజు వారమే చెప్తాం. పుట్టినప్పట్నుంచీ అలాగే లెక్క పెట్టిన దాన్ని, రైలుకు వేరే లెక్క ఉంటుందని నాకు తట్టలేదు. వాళ్ళకు అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే తేదీ మారిపోతుంది. 15వ తేదీ పన్నెండూ ఇరవై బండి అంటే మంగళవారం రాత్రి నేను పడుకుని నిద్రపోతున్నప్పుడు వెళ్ళిపోయిన బండి.

బుధవారం రాత్రి గూడూరు స్టేషన్లో ఎంత ధీమాగా కూర్చున్నానో! ఆరేళ్ళ మీ అమ్మ, ఒక ట్రంకు పెట్టె, ఒళ్ళో గుడ్డలో చుట్టిన పెళ్ళికూతురి చీర. వెంకటగిరి జరీ చీర, నేతగాళ్ళ ఇంటికి నాలుగుసార్లు తిరిగి దగ్గరుండి నేయించాను. ఆ చీరతోనే దాని మెడలో తాళి పడాలని నా ఆశ. బండి వచ్చింది. రైలు పెట్టె తలుపు పక్కన అంటించిన చార్టులో నా పేరు లేదు. టికెట్లు చూసే టీటీఈ లైటు వేసి నా టికెట్టు చూసి, "అమ్మా, ఇది నిన్నటి బండిది" అన్నాడు. ఆ మనిషి గట్టిగా కూడా అనలేదు. జనరల్ పెట్టె వైపు పరిగెత్తమన్నాడు. ఒక చేత్తో పిల్ల, ఒక చేత్తో పెట్టె, చీర చంకలో. తలుపు దగ్గర మనిషి మీద మనిషి వేలాడుతున్నారు, కాలు పెట్టే సందు లేదు. మీ అమ్మ "ఎక్కమ్మా, ఎక్కమ్మా" అని ఏడుస్తుంటే బండి నా ముందునుంచే కదిలి వెళ్ళిపోయింది. ఆ బండి చివరి ఎర్ర దీపం ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది.

మూడింటికి ఇంకో బండి వచ్చింది, దాంట్లోనూ చోటు దొరకలేదు. ప్లాట్‌ఫారం చివర నిమ్మకాయల బస్తాలు వేసి ఉన్నాయి. గూడూరు నిమ్మకాయలు ఎక్కడెక్కడికో పోతాయి కదా. వాటికి కాపలాగా కూర్చున్న ఒక పెద్దామె నన్ను పిలిచి, ఖాళీ గోతాలు పరిచి పిల్లను పడుకోబెట్టింది. "నువ్వూ ఒరుగమ్మా, నేను చూస్తుంటా" అంది. నేను కన్ను మూయలేదు. తెల్లారి వచ్చిన బండిలోకి నన్ను తోసి, పిల్లను కిటికీలోంచి అందించింది ఆమే. పేరు కూడా అడగలేదు నేను.

తెనాలి చేరేసరికి పదకొండు దాటింది. ముహూర్తం ఏడూ నలభైకే అయిపోయింది. మీ చిన్నమ్మమ్మ వేరే చీర కట్టుకుని పీటల మీద కూర్చుందట. నేను తెచ్చిన చీర తర్వాత వ్రతానికి కట్టుకుంది. భోజనాల దగ్గర ఫొటోలో నేనున్నాను, తాళి కట్టే ఫొటోలో లేను. మా నాన్న ఒక్క మాట అనలేదు, పిల్లకు అన్నం పెట్టమన్నారు, అంతే. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

అందుకే మీ అమ్మ "23 రాత్రి" అనగానే దాని మీద కోపం వచ్చింది, ఆ రాత్రి నాతోనే ఉంది కదా అని. ఆరేళ్ళ పిల్లకు ఏం గుర్తుంటుందిలే.

మిగతావి నీకు తెలిసినవే. పట్టాలు దాటకు, వంతెన ఎక్కే వెళ్ళు. ఆడవాళ్ళ వెయిటింగ్ హాల్లో కూర్చో, టికెట్టు అడిగితే చూపించు. ఎక్కాల్సిన బండి ప్లాట్‌ఫారం చివరి నిమిషంలో మారుస్తారు, చెవుల్లో పాటలు పెట్టుకుని కూర్చుంటే మైకులో చెప్పే ఆ మాట వినపడదు. ఫోను ఛార్జింగుకి పెట్టి పక్కకు పోకు. ఎవరైనా ఇబ్బంది పెడితే రైల్వే వాళ్ళ 139కి ఫోన్ చెయ్యి, లేదా నేరుగా రైల్వే పోలీసుల దగ్గరికి పో, మొహమాటపడకు. రెండు టికెట్లూ రిజర్వేషన్‌వే అయితే ఆ రెండు పీఎన్ఆర్‌లూ, అంటే టికెట్ల మీదుండే నంబర్లు, లింక్ చేసుకోమని మీ మామయ్య చెప్పమన్నాడు. మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే, ప్రయాణం చేయని దాని డబ్బులు వెనక్కి వస్తాయట, 2019 నుంచి ఉందట ఆ ఏర్పాటు.

సర్టిఫికెట్లు మాత్రం పెద్ద బ్యాగులో పెట్టకు. చిన్న సంచిలో, ప్లాస్టిక్ కవరు లోపల, భుజానికి తగిలించుకుని ఉండాలి. బాత్రూంకి వెళ్ళినా నీతోనే రావాలి. పెద్ద బ్యాగు పోతే బట్టలు కొనుక్కోవచ్చు. నాలుగేళ్ళ నీ చదువంతా ఆ కవర్లో ఉంది.

ముక్కూ మొహం తెలియని వాళ్ళతో మాట్లాడకు అని రాయబోయి ఆగాను. ఆ రాత్రి నా బిడ్డను పడుకోబెట్టింది ముక్కూ మొహం తెలియని మనిషే. కాబట్టి ఇలా చెయ్యి. ఎవరు ఏమిచ్చినా తినకు, టీ అయినా సరే. ఎంత దూరం వెళ్తున్నావో, ఎందుకు వెళ్తున్నావో చెప్పకు. కానీ పిల్లలతో ఉన్న ఇల్లాలో, పెద్ద వయసామె ఎవరో కనిపిస్తే వాళ్ళ పక్కన కూర్చో. పలకరిస్తే పలుకు. మీ తరం వాళ్ళు తలెత్తకుండా ఫోను చూసుకుంటూ కూర్చుంటారు, పక్కన ఎవరున్నారో కూడా తెలియదు. చుట్టూ చూస్తూ ఉండు, తల్లీ.

ఇంకొక భయం ఉంది నాకు. నవంబరు ఇది. 1989 నవంబరులో తుఫాను మన కావలి దగ్గరే తీరం దాటింది, ఆ రాత్రి గాలి శబ్దం నేను మర్చిపోలేదు. 2021 నవంబరులో పెన్న పొంగి నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర పట్టాల మీదికి నీళ్ళొస్తే ఎన్ని బళ్ళు రద్దు చేశారో నువ్వూ చూశావు. వాయుగుండం అని వార్తల్లో వింటే మొండిగా బయల్దేరకు. బయల్దేరాక ఆగిపోతే గూడూరులోనే ఉండు, మామయ్య వచ్చి తీసుకొస్తాడు. ఎంత రాత్రయినా సరే.

నీ బండి కావలిలో ఆగదట. రెండింటి ప్రాంతంలో మన గేటు దాటి పోతుంది. ఆగితే ఇంత పులిహోరైనా అందించేదాన్ని. నేను మెలకువగానే ఉంటాను, నిన్ను లేచి కిటికీ దగ్గరికి రమ్మనడం లేదు, హాయిగా పడుకో. గూడూరులో బెర్తు ఎక్కి కూర్చోగానే మాత్రం ఒక్క ఫోన్ చెయ్యి.

ఇప్పుడు ఇది పక్కన పెట్టి టికెట్టు తెరువు. తేదీ చూసి, మీ అమ్మకు కాదు, నాకే ఫోన్ చేసి చెప్పు.

మీ అమ్మమ్మ