ఆటిజం సభలో మైకు ఎవరికివ్వాలి?
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఏప్రిల్ 2ను ప్రపంచ ఆటిజం అవగాహన దినంగా ఐక్యరాజ్యసమితి 2007లో ప్రకటించింది. 2008 నుంచి ఏటా జరుగుతోంది. మాట, నలుగురితో మెలిగే తీరు, శబ్దాన్నీ వెలుగునీ తాకిడినీ తట్టుకునే తీరు చిన్నప్పటి నుంచే మిగతావాళ్లకంటే వేరుగా ఉండే స్థితి ఆటిజం. ఈసారి గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలామంది అడిగింది ఒకటే: ఆటిజం ఉన్నవాళ్ల తరఫున నలుగురిలో ఎవరు మాట్లాడాలి?

*మా క్లబ్బు తరఫున ఏటా ఏప్రిల్ 2న ఊరేగింపు, తర్వాత కల్యాణ మండపంలో సభ పెడతామండి. డాక్టరు గారు, స్పెషల్ టీచరు, ఇద్దరు తల్లిదండ్రులు మాట్లాడతారు. పిల్లలకి బహుమతులిస్తాం. పోయినేడు ఒకాయన లేచి "ఆటిజం ఉన్నవాళ్లెవరూ మాట్లాడరేంటండీ?" అనడిగారు. ఈసారి పిలుద్దామనుకుంటున్నాం. ఏమేం చెయ్యాలి?*
— క్లబ్బు కార్యదర్శి, పాలకొల్లు

ఆయన అడిగింది న్యాయమైన మాట. అయితే పిలిచినంత మాత్రాన సరిపోదు. సభ నడిపే పద్ధతి మారకపోతే వచ్చినవాళ్లు రెండు ముక్కలు కూడా చెప్పలేక దిగిపోతారు. "చూశారా, వీళ్లు మాట్లాడలేరు" అని జనం తేల్చేస్తారు. లోపం సభలో ఉంటే చెడ్డపేరు వాళ్లకొస్తుంది.

నెల ముందే మొదలుపెట్టండి. మండలంలోని భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి ప్రభుత్వం నడిపే కేంద్రం) టీచర్ల ద్వారా, తల్లిదండ్రుల సంఘాల ద్వారా కబురు పంపండి. పిల్లల్ని మాత్రమే వెతక్కండి. ఆటిజం పెద్దయ్యాక పోయేది కాదు. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు మీ చుట్టుపక్కలే ఉంటారు, వాళ్లని ఎవరూ పిలవరు కాబట్టి కనపడరు. కనీసం ఇద్దర్ని పిలవండి. ఒక్కరే వస్తే ఆ ఒక్కరి అనుభవాన్నే అందరికీ అంటగడతారు.

అడగబోయే ప్రశ్నలు వారం పది రోజుల ముందే రాసి పంపండి. వేదిక మీద కొత్త ప్రశ్న వెయ్యొద్దు. ఎన్ని గంటలకి పిలుస్తారో చెప్పి, ఆ సమయానికే పిలవండి. మన సభల్లో ముఖ్య అతిథి కోసం గంటన్నర ఆపడం మామూలే. ఎప్పుడు పిలుస్తారో తెలియక కూర్చున్న ఆ గంటన్నరలోనే వాళ్ల ఓపికంతా అయిపోతుంది. నోటితో చెప్పలేనివాళ్లకి రాసి పంపే వీలు, ఇంట్లో రికార్డు చేసి పంపే వీలు, ట్యాబులో టైపు చేస్తే ఆ యంత్రమే పలికే వీలు ఉండాలి. రాసినదాన్ని వేరొకరు చదివితే ఉన్నది ఉన్నట్టు చదవాలి. మధ్యలో "అంటే ఇతని ఉద్దేశమేమిటంటే" అని వ్యాఖ్యానం చెయ్యకూడదు.

మండపం సంగతి. హాలు ఫొటోలు, వేదిక ఎక్కే మెట్లు, బాత్రూం ఎక్కడుందో ముందే పంపండి. మిణుకుమనే ట్యూబులైట్లుంటే మార్పించండి. వేదిక పక్కనుండే సౌండు బాక్సుల్ని దూరం జరిపించి, శబ్దం తగ్గించండి. బాజాలు, టపాకాయలు వద్దు. కరెంటు పోయి జనరేటరు ఒక్కసారిగా మొదలైతే ఆ మోతకే కొందరు చెవులు మూసుకుని బయటికి పరిగెడతారు; జనరేటరుని వెనక దూరంగా పెట్టించండి. ఫ్యానున్న ఒక గది ఖాళీగా ఉంచి, ఫొటోగ్రాఫరుతో సహా ఎవరూ అందులోకి వెళ్లకుండా ఒక మనిషిని నిలబెట్టండి. ఏప్రిల్ ఎండ, ఉక్కపోత మీకు తెలియనివి కావు, ఎనిమిదికి మొదలుపెట్టి పదికల్లా ముగించండి.

శాలువా, పూలదండ. ఇది ఎవరూ ఆలోచించని విషయం. వెనక నుంచి వచ్చి మీద బట్ట కప్పడం, మెడలో తడి పూలు వెయ్యడం, మల్లెల ఘాటు, భుజం పట్టుకుని ఫొటోకి తిప్పడం కొందరికి భరించలేనివి. ముందే అడిగి, వద్దంటే చేతికి అందించండి, లేదా మానెయ్యండి. చప్పట్లకి బదులు చేతులెత్తి ఊపమని సభికులకి మొదట్లోనే చెప్పండి.

మైకు ఇచ్చాక జవాబు రావడానికి పది పదిహేను సెకన్లు పట్టొచ్చు. వ్యాఖ్యాత ఆ ఖాళీని తన మాటతో పూడ్చేస్తే వచ్చే మాట ఆగిపోతుంది. కొంతమంది విన్న మాటలో చివరి ముక్కని తిరిగి పలుకుతారు. "బడి ఇష్టమా, ఇల్లు ఇష్టమా?" అంటే "ఇల్లు ఇష్టమా" అంటారు. దాన్ని జవాబని రాసుకోవద్దు. వరస మార్చి మళ్లీ అడగండి, వీలైతే రెండు కార్డులు ముందుపెట్టి అడగండి. "అవునా?" అంటే "అవును" అనడం కూడా ఇలాంటిదే.

చివరగా డబ్బు. డాక్టరు గారికి కారు, కవరు ఇస్తారు కదా. వీళ్లకీ, తోడొచ్చినవాళ్లకీ అంతే ఇవ్వండి.

*మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, మాటలు రావు. వాడి గురించి వీడియోలు పెడతాను, చాలామంది తల్లులకి ధైర్యం వచ్చిందని ఫోన్లు చేస్తారు. మొన్నొకావిడ, తనకీ ఆటిజమేనట, "మీ అబ్బాయి ఏడుస్తూ తల కొట్టుకునే వీడియో తీసెయ్యండి, అతని తరఫున మాట్లాడే హక్కు మీకు లేదు" అని రాసింది. కన్నతల్లిని, నేను కాక ఇంకెవరు మాట్లాడతారండి?*
— ఒక తల్లి, అమలాపురం

మీ బాధ అర్థమవుతోందమ్మా. ఆవిడ మాటలో కొంత తొందర ఉంది. కానీ వీడియో విషయంలో ఆవిడ చెప్పిందే సరైనది, దయచేసి తీసెయ్యండి.

మీరు మాట్లాడకూడదని కాదు. మీరు తల్లిగా మాట్లాడాలి. భవిత కేంద్రానికి వారంలో ఎన్నిసార్లు వెళ్లగలుగుతున్నారు, స్పీచ్ థెరపీ కోసం కాకినాడ, రాజమండ్రి తిరగడానికి ఎంతవుతోంది, సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్ దగ్గర ఏం ఇబ్బంది వచ్చింది, నిద్రలేని రాత్రులు ఎలా గడుస్తున్నాయి, ఇవన్నీ మీవి. వీటిని మీకంటే బాగా ఎవరూ చెప్పలేరు. అబ్బాయి లోపల ఏముందో, వాడి ఒంటికి సంబంధించిన గుట్టు ఏమిటో, అవి మీవి కావు. స్నానం, బాత్రూం, మందులు, తల కొట్టుకోవడం ఈ కోవలోకే వస్తాయి. వాడికో అన్న ఉండి ఇంటర్ చదువుతుంటే, వాడు ఏడ్చే వీడియోని ఊరంతా చూసేలా పెడతారా? పెట్టరంటే తమ్ముడిదీ పెట్టొద్దు. పదేళ్ల తర్వాత కూడా ఆ వీడియో ఎవరో ఒకరి ఫోనులో ఉంటుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టం 4వ సెక్షను, వైకల్యం ఉన్న పిల్లలు తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు కలిగి ఉన్నారనీ, వయసునీ వైకల్యాన్నీ బట్టి అందుకు సాయం అందాలనీ అంటుంది. మాటలు రాని పిల్లలకి ఈ సెక్షను వర్తించదని అందులో ఎక్కడా లేదు. కాబట్టి అడగండి. ఫొటో చూపించి, "పెట్టు", "వద్దు" అనే రెండు కార్డులు ముందుంచండి. మర్నాడు కార్డుల చోట్లు మార్చి మళ్లీ అడగండి. ఫోను నెట్టెయ్యడం, ముఖం తిప్పుకోవడం, లేచి వెళ్లిపోవడం కూడా వద్దనడమే. ఒకసారి సరేనన్నాడని అన్నింటికీ సరేనన్నట్టు కాదు. అర్థమైందో లేదో తెలియకపోతే ముఖం లేకుండా, పేరు లేకుండా మీ మాట మాత్రమే రాయండి.

ఇంకొక అలవాటు చేసుకోండి. "వాడికి బడంటే భయం" అనకండి. "బడి బస్సు హారను వినపడగానే మంచం కిందకి దూరుతున్నాడు, భయమని నాకనిపిస్తోంది" అనండి. చూసింది వేరుగా, ఊహించింది వేరుగా చెబితే వినేవాళ్లకి ఎవరి మాట ఏదో తెలుస్తుంది. రేపు ఆ ఊహ తప్పని తేలినా దిద్దుకోవచ్చు.

ఒకటి గుర్తుంచుకోండి. 18 నిండాక తల్లికైనా చట్టపరమైన సంరక్షకత దానంతటదే రాదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు ఆధ్వర్యంలోని జిల్లా స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. 2016 చట్టం చెప్పే పరిమిత సంరక్షకత కూడా ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి మాత్రమే, అదీ ఆ వ్యక్తి ఇష్టాన్ని అనుసరించి.

*నాకు 26. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. రెండేళ్ల కిందట ఆటిజమని తేలింది. తల్లిదండ్రుల సమావేశంలో మాట్లాడితే ఒకాయన, "నువ్వు ఉద్యోగం చేస్తున్నావు, మా అమ్మాయి అన్నం కూడా తనంతట తినలేదు, నీకేం తెలుసు మా కష్టం" అన్నారు. నేను మాట్లాడటం మానెయ్యాలా?*
— భీమవరం

మానొద్దు. ఆయన మాటలో నిజమున్నంత వరకు ఒప్పుకోండి. ఆ అమ్మాయి రోజు ఎలా గడుస్తుందో మీకు తెలియదు. "ఆటిజం జబ్బే కాదు, ఒక తేడా అంతే" అని మీరు ముగించేస్తే, రోజంతా మనిషి తోడు కావలసినవాళ్లు లెక్కలోకి రాకుండా పోతారు. కానీ కుక్కరు కూత ఒంట్లోకి ఎలా దిగుతుందో, కళ్లలోకి చూడమని గదమాయిస్తే వినపడుతున్న మాట ఎలా చెదిరిపోతుందో, చేతులు ఊపడం ఆపమంటే ఏమవుతుందో మీకు లోపలి నుంచి తెలుసు. ఆ తండ్రికి తెలియదు, ఆ అమ్మాయి చెప్పలేకపోతోంది. ఆమె తరఫున తీర్పు చెప్పకుండా, "నాకిలా ఉంటుంది, మీ అమ్మాయికీ అలాగే ఉందేమో గమనించండి" అని చెప్పొచ్చు. ఆయనకి అది పనికొస్తుంది.

ఈ తగువు కొత్తది కాదు. 1993లో టొరంటో సదస్సులో జిమ్ సింక్లెయిర్ అనే ఆటిస్టిక్ వ్యక్తి, పుడతాడని ఎదురుచూసిన బిడ్డ కోసం పడే దుఃఖాన్ని ఎదుట ఉన్న బిడ్డ మీద వెయ్యొద్దని తల్లిదండ్రులతోనే అన్నారు. 2007 డిసెంబరులో న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన పిల్లల మానసిక ఆరోగ్య కేంద్రం ఒక ప్రచారం మొదలుపెట్టింది. "మీ అబ్బాయి మా దగ్గరున్నాడు" అని కిడ్నాపరు రాసిన బెదిరింపు ఉత్తరంలా ఆటిజం మాట్లాడుతున్నట్టు పోస్టర్లు వేసింది. అంతకు ముందేడే ఏర్పడిన ఆటిస్టిక్ సెల్ఫ్ అడ్వొకసీ నెట్‌వర్క్ అనే, ఆటిజం ఉన్నవాళ్లే నడిపే సంఘం ఇతర వికలాంగుల సంఘాల్ని కలుపుకుని అభ్యంతరం చెబితే, అదే నెలలో ఆ పోస్టర్లు వెనక్కి తీసుకున్నారు. తల్లిదండ్రుల్లోనూ చాలామంది ఆ పోస్టర్లని వ్యతిరేకించారు. పరిశోధకుడూ, తానూ ఆటిస్టిక్కే అయిన డేమియన్ మిల్టన్ 2012లో రాసినదాని సారం ఇది: అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపే లేదు, రెండు వైపులా ఉంది.

మాట్లాడేటప్పుడు మొదటి వాక్యంలోనే మీరెవరో చెప్పండి: ఏ వయసులో తేలింది, ఏ సాయం కావాలి, ఏది అక్కర్లేదు. మీకు తెలియని ప్రశ్న వస్తే ఆ అనుభవం ఉన్న కుటుంబానికి మైకు అందించండి.

ఒక జాగ్రత్త. చిన్న ఊళ్లో ఒకసారి బయటపెట్టిన సంగతి వెనక్కి రాదు. పెళ్లి సంబంధాల దగ్గర, ఆఫీసులో, చుట్టాల్లో అది తిరుగుతుంది. మీకు సమ్మతమైతేనే పేరుతో మాట్లాడండి. పేరు లేకుండా రాసి పంపినా అది మీ మాటే. నలుగురిలో కావాలని అవమానిస్తే 2016 చట్టం 92వ సెక్షను కింద ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. ఆ తండ్రి అన్నది అలాంటిది కాదు, అది అలసట.

*మాటలు రాని ఒక పదేళ్ల బాబు చెయ్యి పట్టుకుని ట్రైనరు అక్షరాల పలక మీద చూపిస్తుంటే, బాబు పెద్ద పెద్ద ఇంగ్లీషు వాక్యాలు చెబుతున్నాడు. ఆ సందేశాన్ని మా సభలో చదవమంటున్నారు. చదవొచ్చా?*
— రావులపాలెం

బాబు మాటగా చదవొద్దు. ఆ చెయ్యి ఎవరిదో తేలాలి. ఈ పద్ధతిని అమెరికాలో 1990ల్లో పరీక్షించారు. పిల్లవాడికి ఒక బొమ్మ, పట్టుకున్న మనిషికి ఇంకో బొమ్మ చూపించారు. ఒకరి బొమ్మ ఒకరికి కనపడదు. పలక మీద వచ్చిన పదం, పట్టుకున్న మనిషి చూసిన బొమ్మ పేరే. ఆ మనుషులు మోసగాళ్లు కారు. తమ చెయ్యే నడుపుతోందని వాళ్లకే తెలియదు. ఇలా వచ్చిన వాక్యాల ఆధారంగా కన్నవాళ్ల మీద అబద్ధపు ఆరోపణలు కూడా వచ్చాయి. అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం ఈ పద్ధతి వాడొద్దని 2018లో మరోసారి చెప్పింది. చెయ్యి పట్టకుండా పలకని గాల్లో ఎత్తి పట్టుకునే పద్ధతినీ వద్దంది.

మీరూ చూడొచ్చు. ట్రైనరుని బయటికి పంపి, బాబుకి ఒక అరటిపండో తాళంచెవో చూపించి దాచెయ్యండి. తర్వాత ట్రైనరుని పిలిచి, ఏం చూశావని అడగమనండి. నాలుగైదు సార్లు, వేర్వేరు వస్తువులతో. బాబుని నిలదీస్తున్నట్టు కాకుండా ఆటలా చెయ్యండి.

ఎవరూ ముట్టుకోకుండా స్టాండు మీది ట్యాబులో తనే నొక్కితే ఆ మాట నిస్సందేహంగా తనది, ఒక్క పదమైనా సరే. బొమ్మల కార్డుల దగ్గర మన దగ్గర జరిగే పొరపాటు ఒకటుంది. అన్నం, నీళ్లు, బిస్కెట్, బాత్రూం ఇచ్చి ఊరుకుంటారు. "వద్దు", "ఆపు", "నొప్పి", "ఇంకొకటి", "నువ్వెళ్లు", "నచ్చలేదు" ఉండవు. కాదనే మాట ఇవ్వకుండా ఆ పిల్లవాడి అభిప్రాయం అడిగితే ఎక్కణ్నుంచి వస్తుంది? ముందు ఆ ఆరు కార్డులు చెయ్యండి. అవి ఎప్పుడూ వాడి చేతికి అందే చోట ఉండాలి, బీరువాలో కాదు.

*పదిమంది తల్లిదండ్రులం కలిసి సంఘం రిజిస్టరు చేయించాలనుకుంటున్నాం. "ఆటిజం ఉన్నవారి సంఘం" అని పెట్టొచ్చా?*
— రాజోలు

రిజిస్ట్రేషనుకి ఇబ్బంది లేదు. 2001 ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురుంటే చాలు. పేరు మాత్రం "తల్లిదండ్రుల సంఘం" అని పెట్టుకోండి. మన దేశం 2007 అక్టోబరు 1న ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక, విధానాలు చేసేటప్పుడు వికలాంగుల్ని వాళ్ల సంఘాల ద్వారా సంప్రదించాలంటుంది. ఆ ఒడంబడిక అమలు చూసే కమిటీ 2018లో ఇచ్చిన వివరణలో, వికలాంగులే నడిపే సంఘం వేరు, వాళ్ల కోసం ఇతరులు నడిపే సంఘం వేరని స్పష్టం చేశారు.

కార్యవర్గంలో ఆటిజం ఉన్న పెద్దవాళ్లకి రెండు స్థానాలు ఓటుతో సహా బైలాలోనే రాయండి. "గౌరవ సభ్యులు" అని పక్కన కూర్చోబెట్టొద్దు. అమెరికాలో ఆటిజం స్పీక్స్ అనే సంస్థ 2005లో పుట్టి, ఆటిస్టిక్ వ్యక్తుల్ని బోర్డులోకి తీసుకోవడానికి 2015 దాకా పట్టింది; ఆ పదేళ్ల విమర్శ ఇంకా దాన్ని వదల్లేదు. చర్చాంశాలు రెండు రోజుల ముందు వాట్సాప్‌లో రాతలో పెట్టండి. అప్పటికప్పుడు చేతులెత్తమనకుండా, నిర్ణయానికి మరో రెండు రోజులు గడువివ్వండి. ఫోన్లో మాట్లాడలేనివాళ్లు రాసి చెప్పినా ఓటే.

సంరక్షకత దరఖాస్తులు చూసే, కలెక్టరు ఆధ్వర్యంలోని స్థానిక స్థాయి కమిటీలో ముగ్గురుంటారు: కలెక్టరు, రిజిస్టరైన ఒక సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగ వ్యక్తి. ఆ మూడోవారు ఆటిజం ఉన్నవారే అయ్యుండాలని చట్టం అనలేదు, అవ్వకూడదనీ అనలేదు. ఇప్పుడు మీ జిల్లాలో ఎవరున్నారో, వారి పదవీకాలం ఎప్పుడు ముగుస్తుందో సమాచార హక్కు కింద అడిగి, ఖాళీ వచ్చే ముందే మీ సంఘం నుంచి పేరు పంపండి. పంపేముందు ఆ వ్యక్తిని అడగండి.