కూతురు గొంతుతో తండ్రి కథ

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఒక తండ్రి గురించి నవల మొదలుపెడుతున్నావనీ, దాన్ని కూతురి చేత ‘నేను’ అంటూ చెప్పించబోతున్నావనీ తెలిసి ఎంత పొంగిపోయానో అంత దిగులూ పడ్డాను. రోజూ కొంత రాయి, రాసింది పైకి చదువుకో. ఇవి నీకు తెలిసినవే. నా దిగులంతా ఆ తండ్రి గురించి.

ఉత్తమ పురుష కథనంలో పాఠకుడికి సాక్షి ఒక్కరే. కూతురు లేనిచోట ఆ తండ్రి ఎలా ఉంటాడో తెలుసుకునే దారి పాఠకుడికి దాదాపుగా ఉండదు. పైగా మనసు విప్పి మాట్లాడే మనిషిని ఎవరైనా ఇట్టే నమ్ముతారు కనుక, ఆమె ప్రేమా కోపమూ పాఠకుడి తీర్పులైపోతాయి. అమెరికన్ రచయిత్రి హార్పర్ లీ నవలలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. 1960లో వచ్చిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’లో పెద్దయిన స్కౌట్ తన బాల్యాన్ని ‘నేను’ అంటూ చెబుతుంది, ఆ ఆరాధనలోనే ఆమె తండ్రి ఆటికస్ మనకు కనిపిస్తాడు. అంతకుముందే రాసినా 2015లో గాని అచ్చుకాని ‘గో సెట్ ఎ వాచ్‌మన్’ ప్రథమ పురుషలో, అంటే ‘ఆమె’, ‘అతను’ అంటూ నడుస్తుంది. అందులో ఇరవై ఆరేళ్ల కూతురు, నల్లజాతివారి సమాన హక్కులను వ్యతిరేకించేవారి సభలో అదే తండ్రిని చూస్తుంది. ఎందరో పాఠకులు తమ తండ్రే మారిపోయినంతగా బాధపడ్డారు.

నీ మొదటి కథ గుర్తుందా? అందులోని తల్లికి సొంతంగా ఒక్క మాట లేదు. ‘తిట్టింది’, ‘విసుక్కుంది’ అని అన్నీ నువ్వే చెప్పేశావు, ఆమె ఏ మాటలతో తిట్టిందో, అంతకుముందు ఏం జరిగిందో రాయలేదు. కథ చెప్పే పిల్ల కోపం పన్నెండేళ్లదో ముప్పయ్యేళ్లదో కూడా తేల్చలేదు. చదివినవాళ్లంతా ఆ తల్లిని అసహ్యించుకుంటే, “ఆమె అంత చెడ్డది కాదు పెద్దమ్మా” అంటూ నా దగ్గర ఏడ్చావు. ఆ మాట కథలో ఎక్కడుందే, పిచ్చిపిల్లా? అది రాయకపోవడం తొందరపాటు. అయినా ఆ కన్నీళ్లు చూశాకే నువ్వు రచయిత్రివి అవుతావని నాకు నమ్మకం కుదిరింది.

ఈసారి తండ్రిని అతని మాటల్లోనే మాట్లాడనివ్వు. కూతురు చూసి కూడా అర్థం చేసుకోలేని పని అతని చేత ఒకటి చేయించు. అది పాఠకుడికి ఆమెకంటే ముందే అర్థమవ్వాలి. పిల్లలు నా గురించి చెప్పుకునే కథలో నా మాట ఒకటైనా మిగలాలని ఆశపడే వయసు నాది, అందుకే ఇంతగా చెబుతున్నాను.

మొదటి అధ్యాయం కాగానే పంపు. అతను నోరు విప్పిన చోట్లు ముందు చదువుతాను.

నీ పెద్దమ్మ