నాయనమ్మ బస్సు తీసుకోదు

అమ్మా,

మీ కథ అందింది. నాయనమ్మ కొంగుముడి విప్పి, చార్జీకని దాచుకున్న చిల్లర లెక్కపెట్టుకునే చోటు బాగుంది. దానికి ముందు పేరాలోనే ఆమె ‘స్నానం తీసుకుని, మాత్ర తీసుకుని, పట్నానికి బస్సు తీసుకుంది’ అని రాశారు. అక్కడ కాగితాలు పక్కన పెట్టేశాను. బడి ముఖమే చూడని ఆ ముసలావిడ కథలోకి ఇంగ్లీషు ‘టేక్’ ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?

ఆ క్రియ మీద నాకు కోపం లేదు. స్కాండినేవియా నుంచి వచ్చినవాళ్ల ‘టాకా’ అనే మాట సుమారు వెయ్యేళ్ల కిందట ఇంగ్లండులో దిగి, అప్పటిదాకా అక్కడ అదే పని చేస్తున్న ‘నిమన్’ను మెల్లగా వెళ్లగొట్టి, ఇంటి చాకిరీ అంతా తన నెత్తిన వేసుకుంది. అందుకే వాళ్లకు స్నానమూ, మందూ, బస్సూ, సెలవూ, కాలమూ, ప్రాణమూ అన్నీ ‘టేకే’. మనం స్నానం చేస్తాం, మాత్ర వేసుకుంటాం, బస్సెక్కుతాం, సెలవు పెడతాం, కునుకు తీస్తాం. ప్రయాణానికి రెండు గంటలు పడుతుంది, పిల్లకు తండ్రి పోలిక వస్తుంది. ‘తీసుకొను’లోని ‘కొను’ను కాస్త గమనించండి. ఎదుట ఉన్నదాన్ని తీసి తనది చేసుకుంటేనే అది తీసుకోవడం. ఊపిరి తీసుకుంటాం కదా అంటారేమో. లోపలికి పోయిన గాలి మనదవుతుంది గనుక ఆ మాట నిలిచింది. స్నానంలో తీసుకోవడానికి ఏముంది?

ఈ తప్పు నేనూ చేశాను. పత్రికలో చేరిన కొత్తలో, టెలిప్రింటర్‌లో వచ్చిన ఇంగ్లీషు వార్తలో షేర్లు కొన్నవాళ్లు ‘టుక్ ఎ బాత్’ అని ఉంటే, ‘మదుపుదారులు స్నానం చేశారు’ అని రాసిచ్చాను. నష్టపోయారని దాని అర్థమట. ‘నిండా మునిగారు’ అని ఉంటే సరిగ్గా అతికేది. అది అలాగే అచ్చయింది. దాన్ని పట్టుకోలేని సంపాదకుడే మరో వారానికి నా ‘నిశ్చయించుకున్నారు’ను కొట్టేసి ‘నిర్ణయం తీసుకున్నారు’ అని దిద్దాడు, వార్తకు గాంభీర్యం రావాలట. ఆ గాంభీర్యం ఇప్పుడు పెళ్లిచూపుల దాకా వచ్చింది.

ఏ పత్రికకు పంపాలని అడిగారు, ఆ సంగతి తరవాత. ముందు మీ నాయనమ్మను బస్సెక్కించి పంపండి, అక్కణ్ణుంచి చదువుతాను.