కైలాసగిరి రాయికి కార్బన్ డేటింగ్ చేయించవచ్చా?

కైలాసగిరి కింద ఏరుకొచ్చిన రాయిని కార్బన్ డేటింగ్‌కి పంపితే వయసు చెప్తారా, చెప్పినా ఎంతవరకు నమ్మొచ్చు అని అడిగారు. పంపి లాభం లేదండి. కార్బన్ లెక్క ఒకప్పుడు ప్రాణమున్న వాటికే: కట్టె, బొగ్గు, ఎముక, గవ్వ. రాయికి వేరే గడియారం ఉంది. దాని సంగతి చెప్పేముందు, నేను విశాఖలో జియాలజీ చదివే రోజుల్లో పడ్డ ఒక దెబ్బ చెప్తాను.

గాలిలోని కార్బన్‌లో దాదాపు లక్ష కోట్ల పరమాణువులకి ఒకటి కార్బన్-14, అంటే నెమ్మదిగా తనంతట తానే విరిగిపోయే రకం. పైన ఆకాశంలో కాస్మిక్ కిరణాల వల్ల అది కొత్తగా పుడుతూనే ఉంటుంది. చెట్టు బతికున్నన్నాళ్లు దాన్ని తీసుకుంటూనే ఉంటుంది. చచ్చిన రోజు నుంచి రాబడి బంద్, ఖర్చు ఒక్కటే. 5,730 ఏళ్లకి సగం మిగులుతుంది, 11,460 ఏళ్లకి పావు, ఆ తర్వాత అరపావు, వీసం... అలా పది సార్లు సగం చేస్తే వెయ్యిలో ఒక వంతు కూడా మిగలదు. అందుకే 50,000 ఏళ్లు దాటిందంటే ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. 1940ల చివర్లో షికాగోలో విల్లర్డ్ లిబ్బీ దీన్ని కనిపెట్టాడు, 1960లో నోబెల్ వచ్చింది.

భీమిలి వైపు ఒక వాగు గట్టులో, మనిషెత్తు లోతున ఎర్రమట్టి పొరలో మాకు బొగ్గుముక్కలు కనిపించాయి. వేలెడంత ముక్కలు, విరిస్తే నల్లగా మెరిసేవి. ఇక మా ఆనందం చూడాలి! వేల ఏళ్ల నాటి పొయ్యి అని నలుగురం తీర్మానించేసుకున్నాం. సార్‌ని బతిమాలి ల్యాబ్‌కి పంపించాం. నెలల తరబడి టెన్షన్. చివరికి వచ్చిన కాగితంలో వయసు గడిలో ఒక్క మాట: ఆధునికం.

ల్యాబ్ వాళ్లు పొరపాటు చేశారనే అనుకున్నాం. మళ్లీ అక్కడికి వెళ్తే గేదెలు కాస్తున్న తాతగారు, "ఏటి బాబూ, బొగ్గుల కోసం ఇంత దూరం వచ్చినారా? ఇక్కడ సరుగుడు తోట తగలడిపోనాది కదా, నా పెళ్లయిన ఏడు" అన్నారు. తేలిందేమిటంటే, మొద్దు కాలాక నిప్పు వేరు వెంట లోపలికి పాకింది. మట్టి పొర పాతదే, అందులోకి దిగిన వేరు కొత్తది. 1950, 60లలో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపయింది. ఆ రోజుల్లో పెరిగిన చెట్టు కాబట్టి అది కూడా కాగితంలో కనిపించింది. మొదటిసారే తాతగారిని అడిగి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు మీ రాయి. తుప్పు రంగులో ఉండి, మధ్య మధ్య ఎర్రటి గార్నెట్ గింజలు కనిపిస్తుంటే అది ఖొండలైట్ అయ్యుండొచ్చు. విశాఖ చుట్టుపక్కల కొండల్లో ఎక్కువగా ఉండేది అదే. దీని వయసుకి జిర్కాన్ అనే ఖనిజపు గింజలు కావాలి, అవి ఆ రాయిలోనే ఉంటాయి. వెంట్రుక మందాన ఉంటాయి, కంటికి ఆనవు. జిర్కాన్ పుట్టేటప్పుడు యురేనియంని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. కాబట్టి తర్వాత అందులో కనిపించే సీసం యురేనియం విరిగి పుట్టిందే. యురేనియం-238 సగం కావడానికి 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235కి 70 కోట్ల పైచిలుకు. ఒకే గింజలో రెండు గడియారాలన్నమాట. రెండూ ఒకే టైం చూపిస్తే ధైర్యంగా నమ్మొచ్చు. తేడా వచ్చిందంటే మధ్యలో సీసం కొంత కారిపోయిందని అనుమానించాలి.

ఆ గింజని నడిమికి అరగదీసి ప్రత్యేకమైన మైక్రోస్కోపు కింద పెడితే ఉల్లిపాయ కోసినట్టు పొరలు. నేను మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. లోపలి గుండు పాతది, ఎక్కడో అరిగిన కొండ నుంచి ఇసుకగా కొట్టుకొచ్చింది. చుట్టూ ఉన్న అంచు తర్వాతది, ఆ ఇసుకా బురదా భూమి లోతుల్లో ఉడికి ఖొండలైట్‌గా మారినప్పటిది. విశాఖ ప్రాంతంలో ఆ ఉడుకుడు సుమారు 100 కోట్ల ఏళ్ల నాటిది. మరి రాయి వయసు ఏది? గుండుదా, అంచుదా? నన్నడిగితే "రాయి వయసు" అనే మాటే సరికాదు. ఏం జరిగి ఎన్నాళ్లయిందో అడగాలి.

ఎర్రమట్టి దిబ్బల ఇసుకకైతే ఇంకో దారి: ఆ రేణువు చివరిసారి ఎండ ఎప్పుడు చూసిందో లెక్క కడతారు. మట్టిలోని రేడియోధార్మికత వల్ల రేణువులో పోగుపడిన శక్తిని కొలుస్తారు.

నమ్మకం సంగతికొస్తే, పరమాణువులు విరిగే వేగం ఎండకీ వానకీ మారదు, అక్కడ గొడవ లేదు. తేడాలొచ్చేది మనం ఎంచుకున్న ముక్కతోనే. సముద్రపు గవ్వలే చూడండి, నీళ్లలో పాత కార్బన్ కలిసి ఉంటుంది కాబట్టి సగటున 400 ఏళ్లు ఎక్కువ చూపిస్తాయి, అది తీసేసుకోవాలి.

మీ రాయికి ల్యాబ్ ఖర్చు వద్దు. ఆ కొండల మీద పరిశోధనలు ఇప్పటికే చాలా జరిగాయి. ఎప్పుడైనా పాత పొరలో బొగ్గు దొరికితే మాత్రం చేత్తో నలపకండి, దూదిలోనో కాగితంలోనో చుట్టకండి, అవీ కార్బనే. అల్యూమినియం ఫాయిల్‌లో పెట్టి, ఎంత లోతులో దొరికిందో రాసి, పక్కన వేర్లున్నాయేమో చూసి, గేదెలు కాసే తాతగారెవరైనా ఉంటే ఒక మాట అడిగి రండి.