‘కొనండి’ అన్న బటన్ నొక్కేముందు

చిరంజీవి శ్రావణికి,

మావయ్య ఆశీస్సులు. ఈబుక్‌లు చదువుకునే అమెజాన్ పరికరం కిండిల్ చేతికి వచ్చిన నెలలోపే దాన్ని పుస్తకాలతో నింపేశావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. అయితే డబ్బు కట్టే ముందు కొంచెం ఆలోచించు.

అక్కడ నువ్వు కొంటున్నది పుస్తకం కాదు, చదువుకోవడానికి అనుమతి. అమ్మడం లేదు, లైసెన్సు ఇస్తున్నామని అమెజాన్ షరతుల్లోనే ఉంటుంది. అచ్చు పుస్తకమైతే స్నేహితురాలికి ఇచ్చేస్తావు, లేదా అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలవాళ్లకు అమ్ముకుంటావు. అడిగేవారుండరు. ఈబుక్‌తో ఆ రెండూ కుదరవు.

2009లో ఏం జరిగిందో విను. జార్జ్ ఆర్వెల్ నవల ‘1984’ను హక్కులు లేని సంస్థ ఒకటి అమ్మిందని, కొన్నవాళ్ల కిండిళ్లలోంచి అమెజాన్ ఆ ప్రతులను తనంతట తానే తుడిచేసింది. పాత రాతలను ప్రభుత్వం మాయం చేసే కథకే ఆ గతి పట్టడం విడ్డూరం! డబ్బు వాపసు ఇచ్చారు, అప్పటి అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ క్షమాపణ చెప్పాడు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈబుక్ దుకాణాన్నే ఎత్తేసింది. అప్పుడూ డబ్బు తిరిగొచ్చింది, పుస్తకాలు మాత్రం పోయాయి. వాటిలో గమనికలు రాసుకున్నవారికి అదనంగా 25 డాలర్లు ఇచ్చారు. ఏళ్ల తరబడి రాసుకున్న ఆలోచనలకు ఆ వెల ఎవరు కట్టారో! కిండిల్ పుస్తకాలను కంప్యూటర్‌లోకి దించుకుని కేబుల్‌తో ఎక్కించుకునే వీలును కూడా 2025 ఫిబ్రవరిలో తీసేశారు. కాలిఫోర్నియాలో మాత్రం, ఇచ్చేది లైసెన్సు అని స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అని రాయకూడదంటూ 2025 జనవరి నుంచి చట్టం అమలులో ఉంది.

అందుకని ఈబుక్‌లు మానేయమనడం లేదు. ఒకసారి చదివి వదిలేసే నవలకు లైసెన్సు చాలు, అదీ ధర తక్కువైతేనే. అచ్చు ప్రతి ధరకు దగ్గరగా ఉంటే అచ్చు ప్రతే కొను. పదేపదే తిరగేసే నిఘంటువులు, పాఠ్యగ్రంథాలు కాగితం మీదే ఉండాలి. లేదా కాపీ చేయనివ్వని డీఆర్‌ఎం తాళం లేని ఫైలు ఇచ్చే ప్రచురణకర్త దగ్గర కొని, ఆ ఫైలును రెండు చోట్ల దాచుకో. కొనే ముందు నమూనా పేజీలు తప్పక తెరిచి చూడు. స్కాన్ చేసిన తెలుగు పుస్తకాల్లో అక్షరాలు చిన్న తెర మీద చీమల్లా కనిపిస్తాయి.

పాత సాహిత్యానికైతే డబ్బే అక్కర్లేదు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది. గురజాడ 1915లో, కందుకూరి 1919లో పోయారు. ముందు తెలుగు వికీసోర్స్‌లోనూ ఆర్కైవ్.ఆర్గ్‌లోనూ వెతుకు.

ఇంకొకటి, కిండిల్ ఖాతాకు కాలేజీ ఈమెయిల్ ఇచ్చి ఉంటే వెంటనే సొంతది పెట్టు. చదువయ్యాక అది ఆగిపోతే నీ పుస్తకాల బీరువాకు తాళంచెవి ఉండదు.

పరీక్షలకు కావలసిన పుస్తకాల పేర్లు రాసి పంపు. వచ్చే వారం విజయవాడ వెళ్తున్నాను, లెనిన్ సెంటర్‌లో పాత ప్రతులు దొరికితే తెస్తాను.

మీ మావయ్య