పాత సైకిల్‌కి స్క్రాప్ మోటార్ బిగిస్తే నడుస్తుందా?

"ఇంట్లో 28 అంగుళాల పాత సైకిల్ ఉంది, పాత సామాన్ల కొట్లో 24 వోల్టుల మోటార్ దొరికింది, బిగిస్తే నడుస్తుందా?" అని అడిగారు. నడుస్తుంది. మోటార్ సంగతి పది నిమిషాల్లో తేలిపోతుంది, రోజులు తినేది వెనక చక్రమే.

మోటార్ మీది రేకు చదవండి. 250 వాట్లు, గేరుతో కలిపి 300 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అని ఉంటే సరిపోతుంది. కారు వైపర్ మోటార్ మాత్రం మనిషిని లాగలేదు. వైర్లు విడివిడిగా ఉంచి షాఫ్టు చేత్తో తిప్పండి, తర్వాత రెండు కొసలూ కలిపి తిప్పండి. కలిపినప్పుడు బాగా బరువెక్కాలి. రెండుసార్లూ ఒకేలా బిగుసుకుంటే వైండింగో గేరో పోయినట్టే, వదిలేయండి.

లెక్క సులువు. మోటార్ పళ్ళచక్రానికి 9 పళ్ళు, వెనక 18 పళ్ళు పెడితే చక్రం నిమిషానికి 150 చుట్లు తిరుగుతుంది. చుట్టుకొలత 2.2 మీటర్లు కాబట్టి గంటకి దాదాపు 20 కిలోమీటర్లు. అరవైలో పోతుందని చూపించే వీడియోలు చూస్తే ఒళ్ళు మండుతుంది. ఆ ఫ్రేము, ఆ చక్రం పుల్లలు (స్పోకులు) అంత వేగానికి చేసినవి కావు, చూసి చేసేవాళ్ళు పిల్లలు.

అందరూ తప్పేది ఫ్రీవీల్ దగ్గర, అంటే ఒకవైపు తిప్పితేనే చక్రాన్ని పట్టి లాగే వెనక పళ్ళచక్రం దగ్గర. తొక్కే చెయిన్, మోటార్ చెయిన్ ఒకే ఫ్రీవీల్ మీద వేస్తే మోటార్ తిరిగినప్పుడల్లా పెడల్స్ కూడా తిరిగి కాళ్ళకి కొడతాయి. మామూలు ఫ్రీవీల్‌నే ఎడమవైపు ఎక్కిస్తే అది పట్టే దిశ తిరగబడుతుంది, మోటార్ లాగినా చక్రాన్ని పట్టకుండా ఊరికే తిరుగుతుంది. ఎడమ మర ఫ్రీవీల్, దానికి తగ్గ హబ్బు (చక్రం మధ్య భాగం) కావాలి. పళ్ళచక్రాన్ని నేరుగా పుల్లలకి బోల్టులతో బిగించొచ్చు గానీ, బ్యాటరీ దిగిపోయాక మోటార్‌ని కూడా మీరే తొక్కాలి.

మోటార్‌ని ఫ్రేముకి పట్టి ఉంచడానికి 5 మిల్లీమీటర్ల ఇనుప పట్టీ తీసుకోండి. బోల్టు రంధ్రాలు గుండ్రంగా కాకుండా పొడవుగా కోయించండి, చెయిన్ సాగినప్పుడు జరపడానికి. ఫ్రేముకి వెల్డింగ్ వద్దు. గొట్టం పలచన, కాలి చిల్లు పడుతుంది. పాత ట్యూబు ముక్క చుట్టి యూ క్లాంపులు వేయండి. తర్వాత రెండు పళ్ళచక్రాల పక్కన పురికొస లాగి పట్టండి. రెండు చక్రాల రెండేసి అంచులకీ, అంటే నాలుగు చోట్లా దారం తాకాలి. ఒకచోట 3 మిల్లీమీటర్ల సందు కనిపించినా వదలొద్దు. స్పీడు బ్రేకర్ మీద ఎగిరినప్పుడు చెయిన్ ఆ సందువైపే జారుతుంది, పళ్ళచక్రానికీ పుల్లలకీ మధ్య ఇరుక్కుంటుంది, చక్రం ఉన్నపళంగా బిగుసుకుని రెండు మూడు పుల్లలు తెగుతాయి. చెయిన్ మధ్యలో వేలితో నొక్కితే ఒక సెంటీమీటరు దిగాలి, అంతకు మించకూడదు.

24 వోల్టులకి 12 వోల్టుల బ్యాటరీలు జతగా కలపాలి. యూపీఎస్‌లోంచి తీసిన 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీలో పట్టే చార్జి కొలత) బ్యాటరీలు వద్దు. 13 ఆంపియర్లు లాగితే కొత్త జతే పావుగంటలో దిగిపోతుంది. 12 ఏహెచ్ జత అరగంట ఇస్తుంది, బరువు 8 కిలోలు. బ్యాటరీ ప్లస్ పక్కనే 30 ఆంపియర్ల ఫ్యూజు, మోటార్‌కి కరెంటు అందించే కంట్రోలర్‌కి బ్రేకు పట్టగానే మోటార్ ఆపే స్విచ్ తప్పనిసరి. పాత ల్యాప్‌టాప్ సెల్స్ విప్పి అతికించే పని మాత్రం దయచేసి చేయకండి, మంటలు లేస్తాయి.

మీరు బ్రేకుల గురించి అడగనే లేదు. 12లో పోయే సైకిల్ 20లో పోతే ఆపాల్సిన శక్తి దాదాపు మూడింతలు, పైగా మోటారూ బ్యాటరీల బరువు. వానకి తడిసిన ఇనుప రిమ్ము మీద రాడ్ బ్రేకు రబ్బరు పట్టదు. ముందు చక్రానికైనా అల్యూమినియం రిమ్ము, కాలిపర్ బ్రేకు వేయించండి. మోటార్ కంటే ముందు ఆ ఖర్చు పెట్టండి.

కదిలేటప్పుడు రెండు మూడు తొక్కులు తొక్కాకే థ్రాటిల్ (వేగం పెంచే పిడి) తిప్పండి, సైకిల్ ఆగి ఉండగా తిప్పితే కరెంటు ఒక్కసారిగా లాగి బ్రష్షులు కాలతాయి. మొదటి 5 కిలోమీటర్ల తర్వాత ఆగి ప్రతి క్లాంపూ మళ్ళీ బిగించండి, రబ్బరు నొక్కుకుపోయి అన్నీ వదులై ఉంటాయి.